ఒక పెండ్లిచీర సాక్ష్యం

రేణిగుంట స్టేషను వెనక వీధుల్లో అప్పుడప్పుడూ ఒక కేక వినిపిస్తుంది: "పాత పట్టుచీరలు కొంటాం! జరీ పంచలు కొంటాం!" ఆ కేక వేసే మనిషి దగ్గర ఒక చిన్న త్రాసూ, ఒక గీటురాయీ ఉంటాయి. చీర ఎవరిది, ఎప్పటిది, ఎక్కడ నేశారు అన్న ప్రశ్నలతో అతనికి నిమిత్తం లేదు. జరీని రాయి మీద గీచి చూస్తాడు, చీరను తూస్తాడు, ఒక ధర చెబుతాడు. ఇంటివాళ్ళు పదో పాతికో ఎక్కువ అడుగుతారు. బేరం కుదురుతుంది. ఒక కుటుంబపు నూరేళ్ళ చరిత్ర సంచీలో పడిపోతుంది.

ఇటీవల ఆ వీధుల్లోనే ఒక పాత ఇంటిని పడగొట్టి కొత్తది కట్టదలిచారు. రెండు తరాలుగా రైల్వే ఉద్యోగం మీద బతికిన కుటుంబం అది. అటక మీదినుంచి దించిన ఇనప పెట్టెలో, ఇత్తడి సామాను కింద, ఒక నూలు పంచె మడతల మధ్య ఎర్రని పట్టుచీర ఒకటి బయటపడింది. ఆకుపచ్చ అంచు, జరీ పైట. జరీ నల్లబడి ఉంది. ఎప్పుడో వేసిన వేపాకు పొడుం అయి మడతల్లో రాలి ఉంది. ఆ ఇంటి పెద్దావిడ చూసి, "మా అత్తగారి పెండ్లిచీర" అన్నది. చీరలు కొనే మనిషి అప్పటికే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తూచాడు, ధర చెప్పాడు. ఇల్లు కడుతున్నవాళ్ళకు ప్రతి రూపాయీ అవసరమే గనక ఎవరూ కాదనలేదు. కాదన్నది తిరుపతిలో చదువుకుంటున్న మనవరాలు ఒక్కతే. ఆ అమ్మాయికి నేనొకప్పుడు చరిత్ర పాఠం చెప్పాను. ఆ పరిచయం కొద్దీ చీరను నా దగ్గరికి తెచ్చి, "దీన్ని ఎట్లా దాచాలి సార్?" అని అడిగింది.

ఎట్లా దాచాలన్నది చిన్న ప్రశ్న. ఎందుకు దాచాలన్నది పెద్ద ప్రశ్న. రెండోదానికి జవాబు తెలియకపోతే మొదటిదానికి మనం చెప్పే జవాబు తప్పే అవుతుంది.

1

ముందు ఆ కొనే మనిషి దాన్ని ఎందుకు కొంటాడో చూద్దాం. పాత జరీ అంటే వట్టి మెరుపుదారం కాదు. వెండిని సన్నని తీగగా లాగి, దాన్ని అణిచి రేకు చేసి, పట్టుదారం మీద చుట్టి, బంగారు పూత పూసేవారు. బంగారం నామమాత్రం, బరువంతా వెండిదే. సూరతు పట్టణం ఈ పనికి పేరుపడింది. ఫ్రాన్సు దేశపు జరీ కూడా ఒక కాలంలో మన మగ్గాలకు దిగుమతి అయింది. కొన్న చీరను వ్యాపారి తగలబెడతాడు. బూడిదను మూసలో వేసి కరిగిస్తే అడుగున వెండి ముద్ద మిగులుతుంది. వెండి ధర పెరిగినప్పుడల్లా పాత చీరలకు చావు దగ్గరపడుతుంది. 1979-80లో వెండి ధర ప్రపంచమంతటా ఒక్కుమ్మడిగా లేచింది. 2025లో కిలో లక్ష రూపాయలు దాటిపోయింది. ఇటువంటి రోజుల్లో అటక మీది పెట్టెలు తెరుచుకోవటంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఆ మనిషిని తిట్టి ప్రయోజనం లేదు. అతను కూడా పొట్టకూటి కోసం ఎండలో తిరిగేవాడే. మనం చూడవలసింది ఆ త్రాసు చెప్పే న్యాయాన్ని. పట్టుపురుగులను పెంచినవారి పని, దారం తీసినవారి పని, రంగు వేసినవారి పని, పడుగు తోడిన ఆడవాళ్ళ పని, వారాల తరబడి గుంటమగ్గంలో కాళ్ళు వేలాడేసుకు కూర్చున్న సాలెవాని పని - ఇంత పని ఆ చీరలో ఉంది. త్రాసు దగ్గర వీటన్నిటికీ కట్టిన విలువ సున్న. సున్న కూడా కాదు, అది తరుగు కింద పోతుంది! కాలి బూడిదయ్యేది సరిగ్గా మనిషి చేసిన పనే. మిగిలేది గనిలోంచి వచ్చిన లోహం. వినియోగపు విలువకూ మారకపు విలువకూ గల వైరుధ్యాన్ని విద్యార్థులకు బోధించటానికి అర్థశాస్త్రపు పుస్తకాలు వెతకనక్కరలేదు, ఈ మూసను చూపిస్తే చాలు.

2

త్రాసులో కాలిపోయేదాన్ని మనం చదవగలమా? చదవగలం. గుడ్డ కూడా శాసనం వంటిదే. లిపి వేరు, అంతే.

మొదట ఈ చీర రేణిగుంటకు ఎట్లా వచ్చిందో చూడాలి. మదరాసు రైల్వే వాయవ్యంగా వేసిన లైను ఈ ఊరిమీదుగానే పోయి, 1871లో రాయచూరు దగ్గర బొంబాయినుంచి వచ్చే లైనును కలుసుకున్నది. తరవాత గూడూరు-కాట్పాడి దారి దాన్ని అడ్డంగా దాటింది. రేణిగుంట ఊరుగా కంటే జంక్షనుగానే దేశానికి తెలుసు. రైల్వే ఉద్యోగికి నెల తిరిగేసరికి జీతం చేతిలో పడుతుంది; పంట మీద ఆధారపడ్డ రైతుకు లేని వెసులుబాటు అది. అరక్కోణంలో బండి మారితే కాంచీపురం. ఈ ఇంటివారు పెండ్లికి కంచి వెళ్ళి చీర తెచ్చారని పెద్దావిడ అన్నది. గుడ్డ ఆ మాటను బలపరుస్తున్నది. ఎరుపు నేతకూ ఆకుపచ్చ అంచుకూ కుట్టు లేదు. రెంటినీ మగ్గం మీదనే పళ్ళు పళ్ళుగా కలిపి నేశారు.

మన జిల్లాల్లో నేత లేక కంచికి పోయారనుకోగూడదు. వెంకటగిరిలో సన్ననూలు మీద జరీ నేశారు, నేస్తున్నారు. మదనపల్లె పక్కన నీరుగట్టువారిపల్లె పట్టునేతకు పెట్టింది పేరు. పుత్తూరు దగ్గర నారాయణవనం సంగతి మరీ విచిత్రం. పద్మావతీ శ్రీనివాసుల పెండ్లి జరిగిన చోటు అదేనని స్థలపురాణం. ఆ పెండ్లికి దేవుడంతటివాడు కుబేరుని దగ్గర అప్పు చేశాడు. ఆ ఊరూ నేతపని ఊరే. దేవుడి అప్పు వడ్డీకి భక్తులు హుండీలో డబ్బు వేస్తున్నారు. సాలెవాని అప్పుకు అటువంటి హుండీ ఎక్కడా లేదు.

కంచి కూడా మనకు పరాయిది కాదు. అక్కడి మగ్గాల ఇళ్ళలో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. విజయనగరరాజుల కాలంలో తెలుగుదేశంనుంచి సాలెవారు తరలిపోయారని చెప్పుకుంటారు. రాజు పేరు చుట్టూ అల్లిన కథలను అట్లా ఉంచినా, మధ్యయుగపు దేవాలయ శాసనాల్లో మగ్గాల మీద పన్నుల ప్రస్తావనలు ఉన్నాయి. విజయా రామస్వామి 1985లో దక్షిణదేశపు నేతపనివారి చరిత్రను రాసినప్పుడు ఇటువంటి శాసనాలనే ఆధారం చేసుకున్నారు. గుడి గోడల మీద సాలెవాడు కనిపించేది ఎక్కువగా పన్ను చెల్లించేవాడుగా. అతను నేసిన గుడ్డ మాత్రం ఏ గోడా మొయ్యలేదు.

ఇక రంగు. 1868లో జర్మనీలో మంజిష్ఠ ఎరుపును ప్రయోగశాలలో తయారుచేశారు. 1897లో కృత్రిమ నీలిమందు బజారులోకి వచ్చింది. మన తీరంలో చిరివేరు తవ్వి ఎరుపు తీసేవారూ, నీలిమందు తొట్లలో చేతులు నానినవారూ వృత్తి కోల్పోయిన కథ ఈ రెండు తేదీల వెనక ఉంది. మదరాసు ప్రభుత్వం 1896లో అద్దకాల మీద హోల్డర్ చేత, 1899లో పట్టునేత మీద థర్‌స్టన్ చేత పుస్తకాలు రాయించింది. వృత్తి కూలుతున్నప్పుడు దాని వివరాలు రాసిపెట్టుకోవటం ఆ ప్రభుత్వానికి అలవాటు. మన చీరలోని ఎరుపు ఆ సీమరంగో, లక్కరంగో కంటితో తేల్చేది కాదు. రసాయన పరీక్ష తేలుస్తుంది - చీరంటూ మిగిలితే.

అంచు దగ్గర ఇంకొక్క క్షణం ఆగాలి. నేతలోని ఎరుపునూ అంచులోని ఆకుపచ్చనూ కలపటానికి ఒక నాడె చాలదు, మూడు నాడెలు కావాలి. నేతగాని చేతులు రెండే. అందుచేత ఈ రకం చీరలు నేసే మగ్గం పక్కన మరొకరు కూర్చుని అటువైపు నాడెను అందించటం ఆచారం. ఆ మరొకరు సాధారణంగా ఒక పిల్లవాడు. కంచి పట్టుమగ్గాల దగ్గర బాలకార్మికుల సమస్య ఇటీవలి కాలందాకా ప్రభుత్వాలకు తలనొప్పిగా ఉండటానికి ఈ సాంకేతిక కారణం ఒకటి, నేతగాని అప్పు మరొకటి. చీర అంచులో పళ్ళవరసలా అందంగా కనిపించే ఆ గీత పొడుగునా, ప్రతి పోగు దగ్గరా, ఒక పిల్లవాడి చెయ్యి ఉన్నదన్నమాట.

3

ఇంతవరకు చీరను నేను ఒక కార్మికచరిత్ర పత్రంగానే చూస్తున్నాను. టేపు పెట్టి కొలిచేసరికి కథ మారిపోయింది.

పొడుగు నాలుగు గజాలు కూడా లేదు. వెడల్పు చూస్తే ఎదిగిన స్త్రీకి నడుమునుంచి మోకాళ్ళ కిందికి రాదు. పెద్ద చీరను కత్తిరించి ఉంటారనుకున్నాం. కాని రెండు కొసలా పడుగుపోగులు మొదట విడిచిన తీరునే ఉన్నాయి. పైట ఒక కొస పూర్తిగా ఉంది. అంటే మగ్గం మీదనే దీన్ని పొట్టిగా నేశారు. ఇది తొమ్మిదీ పదేళ్ళ పిల్ల కట్టుకునే చీర.

ఆ అమ్మాయి టేపు చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

తరవాత పెద్దావిడను అడిగితే ఆమె సహజంగానే చెప్పింది: "శారదా చట్టం వచ్చేస్తుందని తొందరపడి చేసేశారంట. మా అత్తకు ఊహ కూడా తెలీదంట." ఆ మాటలతో చీరకు తేదీ దొరికింది. హర్ విలాస్ శారదా ప్రతిపాదించిన బాల్యవివాహ నిరోధక బిల్లు 1929 సెప్టెంబరులో శాసనమైంది. అమలులోకి వచ్చింది 1930 ఏప్రిల్ 1న. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండాలన్నది ఆ చట్టం. ఆ ఆరునెలల వ్యవధిలో దేశమంతటా పసిపిల్లల పెండ్లిండ్లు తామరతంపరగా జరిగాయి. 1931 జనాభా లెక్కల్లో దాని జాడ కనిపించింది. సంస్కరణను చట్టంగా చేసి, అమలుకు అరసంవత్సరం గడువిచ్చి, అమలుపరిచే యంత్రాంగాన్ని పెట్టకపోతే ఏమవుతుందో తెలుసుకోవటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. సంఘసంస్కరణ చరిత్రలో మనం సభలనూ, తీర్మానాలనూ చదువుతాం. గురజాడ "కన్యాశుల్కం" 1892లో తొలిసారి ప్రదర్శించబడిందనీ, 1897లో అచ్చయిందనీ తేదీలు కంఠస్థం చేస్తాం. ఆ నాటకం ఆడి నలభై ఏళ్ళు కావస్తున్నా, రేణిగుంటలో ఒక పిల్లకు ఈ చీర కట్టారు.

ఇక్కడ ఇంకొక సంగతి గమనించాలి. ఈ కొలత చీరను నేతగాడు తన సరదాకు నెయ్యలేదు. కొనేవారుంటేనే నేస్తాడు. పసిపెండ్లికూతురు అప్పటి బజారుకు ఒక మామూలు "సైజు". ఒక దురాచారం ఎంత పాతుకుపోయిందో చెప్పటానికి ధర్మశాస్త్ర శ్లోకాలకంటే ఈ కొలత బలమైన సాక్ష్యం. పదేళ్ళ పిల్ల పెండ్లికి నేసిన చీర అంచులో అంతే వయసు పిల్లవాడి చెయ్యి ఉండి ఉంటుంది. ఆ ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఇద్దరి బాల్యాలూ ఒకే గుడ్డలో కలిశాయి.

ఇది గతించిన సంగతి అని ఊరడిల్లటానికి వీల్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ వయసుగల స్త్రీలలో దాదాపు 29 మంది నూటికి, పద్ధెనిమిదేళ్ళు నిండకముందే పెండ్లి అయినవారు. ఇప్పుడు చీరలను పొట్టిగా నెయ్యరు. అందుచేత సాక్ష్యం పెట్టెల్లో దొరకదు, అంతే తేడా.

4

ఇటువంటి గుడ్డలను ఇంతవరకు ఎవరు దాచారు? ఎవరికోసం దాచారు?

మన బట్టలకు మొట్టమొదటి పెద్ద సేకరణ లండనులో తయారైంది. అక్కడి ఇండియా మ్యూజియంలో పనిచేసిన ఫోర్బ్స్ వాట్సన్ 1866లో 700 నేత నమూనాలను 18 సంపుటాలుగా కూర్చాడు. బొమ్మలు కావు, అసలు గుడ్డలనే కత్తిరించి అతికించారు. అటువంటి సెట్లు ఇరవై తయారుచేసి, పదమూడు బ్రిటనులోనే ఉంచి, ఏడింటిని ఇండియాకు పంపారు. ఉద్దేశం దాపరికం లేనిదే: ఇక్కడివారు ఏం కడతారో, ఏ కొలత, ఏ అంచు, ఏ రంగు ఇష్టపడతారో లాంకషైరు మిల్లుదారులకు తెలియాలి. మన పెండ్లిచీరకు మొదటి మ్యూజియం, దాన్ని మరమగ్గం మీద ఓడించటానికి కట్టిన నమూనాశాల!

స్వాతంత్ర్యం తరవాత 1949లో అహమ్మదాబాదులో కాలికో మ్యూజియం వెలిసింది. అది గొప్ప సేకరణ, సందేహం లేదు. దాన్ని నెలకొల్పినది ఒక మిల్లు యజమానుల కుటుంబం. చేతిమగ్గానికి పోటీగా నిలిచిన మిల్లే చేతిమగ్గపు పనితనానికి అద్దాల బీరువా కట్టింది. ఇక మన ప్రాంతంలో చంద్రగిరి రాజమహలులోని మ్యూజియానికి వెళ్ళండి. రాతివిగ్రహాలు, కంచు విగ్రహాలు కనిపిస్తాయి. రాయి మన్నుతుంది గనక చరిత్ర అయింది. గుడ్డ చిరుగుతుంది గనక చరిత్ర కాలేదు. గుడ్డలు నేసినవారూ, ఉతికినవారూ, కట్టి చించినవారూ ఆ గుడ్డతోపాటే పోయారు.

అంతకంటే ముఖ్యమైన లోటు ఒకటుంది. మనకు దొరికిన ఈ చీర నెలజీతం వచ్చే ఇంటిది. పక్కన పొలాల్లో కూలికి పోయిన వాళ్ళ ఇండ్లలో పెండ్లికూతురికి పసుపునీళ్ళలో ముంచిన నూలుగుడ్డే పెండ్లిచీర. పెండ్లి అయిన మర్నాటినుంచి అది కట్టుబట్ట, చిరిగాక పిల్లవాడికి ఉయ్యాల, ఆ తరవాత పొత్తిగుడ్డ, చివరకు మసిగుడ్డ. అట్లాంటి పెండ్లిచీర ఒక్కటి కూడా ఏ పెట్టెలోనూ దొరకదు. దొరకకపోవటమే దాని చరిత్ర. దాచుకోగలగటం కూడా ఒక ఆస్తే. పట్టుచీరను దాచేవారు ఈ లేని చీరనుగురించి కూడా రాసిపెట్టకపోతే, రేపటి చరిత్రకారుడు రాయలసీమలో అందరూ పట్టులోనే పెండ్లాడారని రాస్తాడు.

5

కొందరు మిత్రులు అభ్యంతరం చెప్పవచ్చు: బతికున్న నేతగాళ్ళు అప్పుల్లో మునుగుతుంటే పాతచీరల మీద మమకారమేమిటి? అఖిలభారత చేనేత బోర్డును 2020 జూలైలో రద్దు చేశారు. 1985లో చేతిమగ్గాలకు ప్రత్యేకించిన 22 రకాలను తరవాత 11కు కుదించారు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత మీద బతికేవారు 35 లక్షల పైచిలుకు. మూడింట రెండు వంతుల కుటుంబాలకు నెలకు అయిదువేలు కూడా రావటంలేదు. ఇదంతా నిజమే. కాని ఈ లెక్కలు చెప్పే అన్యాయం నిన్న మొన్న పుట్టింది కాదని రుజువు చెయ్యటానికి ఆధారాలు కావాలి. ఆ ఆధారాలు మూసలో కరిగిపోతున్నాయి. నేటి నేతగాని హక్కుకూ, నిన్నటి నేతగాని పనికీ మధ్య పోటీ లేదు.

మరికొందరు, బాల్యవివాహపు గుర్తును పదిలపరచటమేమిటి, తగలబెట్టండి అంటారు. దోషికి కావలసింది కూడా అదే! సాక్ష్యాన్ని తగలబెట్టి నేరాన్ని ఎవరూ మాన్పలేదు. అయితే ప్రమాదం వేరేచోట ఉంది. ఈ చీరను అద్దంలో బిగించి "మా వంశపు వైభవం" అని గోడకు తగిలిస్తే, అది తగలబెట్టటంతో సమానం. వ్యాపారి వెండిని ఉంచుకుని కథను కాలుస్తాడు. వంశాభిమాని మెరుపును ఉంచుకుని కథను చెరుపుతాడు.

కాబట్టి ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇది. ఉతకవద్దు, తడి తగిలితే రంగు దిగుతుంది, జీవం పోయిన పోగు తెగుతుంది. జరీని తోమవద్దు. పాత మడతల్లోనే మళ్ళీ మడిస్తే పట్టు అక్కడే విరుగుతుంది. గంజి లేకుండా ఉతికి ఆరేసిన నూలుగుడ్డ పరిచి, లావుపాటి గొట్టానికి చుట్టు. ప్లాస్టిక్కు సంచిలో పెట్టవద్దు, చెమ్మ పడుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వవద్దు. ఎండ, దీపపుకాంతి ఎంత తక్కువైతే అంత మంచిది. ఆరునెలలకొకసారి విప్పి, నీడలో గాలి తగలనిచ్చి, మళ్ళీ చుట్టు. వీటికి డబ్బు అక్కరలేదు, ఓపిక కావాలి.

కాని అసలు భద్రత పక్కన పెట్టే కాగితంలో ఉంది. పొడుగు, వెడల్పు, బరువు, అంచు నేసిన పద్ధతి, కొన్న ఊరు, కట్టుకున్న పిల్ల వయసు, పెండ్లి ఎందుకు తొందరపడి చేశారు, ఆమె చదువుకున్నదా, ఎన్ని కాన్పులు, ఎట్లా బతికింది - పెద్దావిడ బతికుండగానే అడిగి రాయాలి. తిరుపతిలో 1954నుంచి విశ్వవిద్యాలయం ఉంది. చుట్టుపక్కల కళాశాలలు ఎన్నో ఉన్నాయి. ఒక్కొక్క విద్యార్థి తన ఇంట్లో ఒక్క పెట్టె తెరిచి, ఒక్క కాగితం రాస్తే, ఒక్క సంవత్సరంలో ఏ మ్యూజియంలోనూ లేని చరిత్ర తయారవుతుంది. పట్టుచీర లేని ఇంటి విద్యార్థి మరీ ముఖ్యంగా రాయాలి. వాళ్ళ అవ్వ పెండ్లికి ఏం కట్టిందో, అది ఎన్నాళ్ళు ఆగిందో, దేనికి ఉపయోగపడి అంతమైందో రాయాలి.

ఆ అమ్మాయి చీరను ఇంటికి తీసుకుపోయింది. పదిరోజుల తరవాత కాగితం తెచ్చి చూపించింది. అన్ని వివరాలూ వరసగా రాసి ఉన్నాయి. ముత్తవ్వ పేరు, వయసు "తొమ్మిది", పెండ్లి ఏడు. చివర "నేసినవారు" అని రాసి ఎదురుగా ఖాళీ వదిలింది. కింద "అంచు నాడె అందించిన పిల్లవాడు" అని రాసి, అక్కడా ఖాళీ వదిలింది. తెలియని వాటికి గళ్ళెందుకని ఇంట్లో వాళ్ళు కొట్టెయ్యమన్నారట. కొట్టెయ్యనని చెప్పిందట.